సాదాసీదా మనిషి పోయాక ఏం మిగులుతుంది?

మీరు అడిగారు: "ఆస్తి లేదు, పేరు లేదు, చిన్న ఉద్యోగం. భక్తిగా ఉంటూ చేతనైన సాయం చేస్తూ బతికితే, మనం పోయాక ఏమైనా మిగులుతుందా?" మా ఇంట్లో చూసింది చెప్తాను.

మాది కడప జిల్లా, పోరుమామిళ్ల దగ్గర పల్లె. మా జేజికి చదువు రాదు. పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, మూలనున్న కుండలో వేసేది. "ఇవి నాయనవి" అనేది. వానలు లేక బియ్యం కొనలేని రోజుల్లో పిడికెడు జొన్నలు వేసేది. అంతేగానీ కుండను మాత్రం మరిచిపోలేదు.

నాయన అంటే అవధూత కాశినాయన. నెల్లూరు జిల్లాలో పుట్టి, మా నల్లమల వైపు తిరుగుతూ పాడుబడిన గుళ్లను బాగు చేయించారు. గుడికి వచ్చినవాళ్లకు అన్నం పెట్టించారు. 1995లో ఆయన పోయారు. జ్యోతి క్షేత్రంలో సమాధి ఉంది. ఇప్పుడు అక్కడి మండలానికే ఆయన పేరు. నాకు మాత్రం అంతకన్నా పెద్ద సంగతి ఆ పొయ్యి. అక్కడ అన్నం ఇంకా వండుతూనే ఉన్నారు. అహోబిలంలో కూడా ఆయన పేరు మీద అన్నదాన సత్రం నడుస్తోంది. పంట ఇంటికొచ్చాక మా వైపు రైతులు వడ్లు, బియ్యం, కూరగాయలు పంపుతారు. ఆయన తన దగ్గర డబ్బు కూడబెట్టి పోయుంటే అది ఎప్పుడో అయిపోయేది. దానికి బదులు ఇన్ని ఊళ్లవాళ్లకు అన్నం పెట్టే అలవాటు నేర్పిపోయారు.

అనంతపురం వైపు విన్సెంట్ ఫెర్రర్ గారి గురించి వినే ఉంటారు. స్పెయిన్ నుంచి వచ్చిన మనిషి, 1969లో అనంతపురం చేరారు. 2009లో ఆయన పోయాక కూడా ఆయన పెట్టిన సంస్థ నడిపే బత్తలపల్లి ఆసుపత్రికి జనం పోతూనే ఉన్నారు. దేవుడి పేరు, భాష వేరు కావచ్చు. నాకు ఇద్దరిలో ఒకటే కనిపిస్తుంది.

జేజి పోయాక నేను ఉద్యోగంలో పడి, ఏడాదికోసారి క్షేత్రానికి డబ్బు పంపి ఊరుకునేవాణ్ణి. ఒకసారి వెళ్లి వడ్డనకు నిలబడ్డాను. ఒక ముసలాయన రెండో పంక్తిలో కూడా కూర్చుంటే "ఇందాకే తిన్నావు కదా" అన్నాను. పక్కన సాంబారు పోస్తున్న పెద్దమనిషి నా చేయి పట్టుకుని, "ఇక్కడ అది అడగం నాయనా, పెట్టు" అన్నాడు. సిగ్గుతో తల దించుకుని అన్నం పెట్టాను. ఆ ముసలాయన ఆకులోనే చూస్తూ తిన్నాడు. జేజి ఆ కుండలోని బియ్యం ఎవరు తింటారని ఏనాడూ అడగలేదు. ఆ రోజే నాకది అర్థమైంది.

ఆ కుండ ఇప్పుడు మా అమ్మ దగ్గరుంది. జేజి ఎవరికీ చెప్పి అప్పజెప్పలేదు. దినం అయిన మర్నాడే అమ్మ అందులో పిడికెడు వేసింది.

మీకు చేయాలనిపిస్తే ముందు ఒక సెలవు రోజు అన్నదానం జరిగేచోటికి వెళ్లి రండి. వడ్డనకు అందరూ ముందుకొస్తారు, గిన్నెలు తోమేచోట మనుషులు తక్కువ. అక్కడ నిలబడండి.