ఫోన్లో నెట్ ఉంది, హాట్‌స్పాట్ రావట్లేదు: ఆపింది ఎవరు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ. డబ్బులు కట్టి డేటా కొనుక్కుంటున్నాం, దాన్ని లాప్‌టాప్‌కో కెమెరాకో పంచుకోబోతే ఎక్కడో ఎవరో అడ్డం పడుతున్నారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: మాది మలికిపురం దగ్గర పల్లెటూరండి. బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మగారి అబ్బాయి తను వాడిన ఆండ్రాయిడ్ ఫోన్ నాకు పంపించాడు. మన సిమ్ వేస్తే కాల్స్, నెట్ అన్నీ బాగానే వస్తున్నాయి. హాట్‌స్పాట్ నొక్కితే మాత్రం కాసేపు తిరిగి, మీ ప్లాన్‌లో ఈ సదుపాయం లేదు, కంపెనీని సంప్రదించండి అంటోంది. కస్టమర్ కేర్‌ని అడిగితే మా వైపు ఏ సమస్యా లేదన్నారు. నా ఇంటర్న్‌షిప్ పనంతా లాప్‌టాప్ మీదే, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కస్టమర్ కేర్ వాళ్లు నిజమే చెప్పి ఉంటారమ్మా. తేల్చుకోవడం తేలిక. మీ సిమ్ తీసి ఇంట్లో ఇంకెవరి ఫోన్లోనైనా వేసి హాట్‌స్పాట్ పెట్టి చూడండి. అక్కడ పనిచేస్తే సిమ్‌లోనూ ప్లాన్‌లోనూ తప్పు లేనట్టే, అడ్డం పడుతున్నది ఆ ఫోనే. అమెరికాలో చాలామంది ఫోన్లు నెట్‌వర్క్ కంపెనీ దగ్గరే కొంటారు. అలా అమ్మిన కొన్ని ఫోన్ల సాఫ్ట్‌వేర్‌లో, హాట్‌స్పాట్ నొక్కగానే ‘ఈ కస్టమర్ దీనికి డబ్బు కట్టాడా’ అని కంపెనీని అడిగే ఏర్పాటు ఉంటుంది. ఎందుకంటే అక్కడ అన్‌లిమిటెడ్ అన్న ప్లాన్లలో కూడా హాట్‌స్పాట్‌కు విడిగా ఇన్ని జీబీలేనని లెక్క కడతారు. మీ సిమ్ మనది కాబట్టి ఆ ప్రశ్నకు జవాబిచ్చేవాళ్లు లేరు, అది లేదనే అనుకుంటుంది.

ముందు ఏపీఎన్, అంటే ఫోన్‌ని కంపెనీ నెట్‌కి కలిపే సెట్టింగ్, సరిచేసి చూడండి. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్, అందులో యాక్సెస్ పాయింట్ నేమ్స్ తెరవండి. మీ కంపెనీ ఏపీఎన్ మీద నొక్కితే పెద్ద ఫారంలాంటిది వస్తుంది. కింద ‘ఏపీఎన్ టైప్’ అనే గడిలో సాధారణంగా డిఫాల్ట్, ఎస్‌యూపీఎల్ అని ఉంటాయి. వాటి పక్కన కామా పెట్టి, ఖాళీ వదలకుండా, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో డి, యు, ఎన్ అని చేర్చండి. టెథరింగ్‌కి, అంటే ఫోన్ నెట్‌ని వేరేవాటికి పంచడానికి, వాడే దారి పేరు అదే, డయలప్ రోజుల నుంచీ అలా ఉండిపోయింది. అదే ఫారంలో ‘ఏపీఎన్ ప్రోటోకాల్’ దగ్గర ఐపీవీ4 ఒక్కటే ఉంటే, ఐపీవీ4/ఐపీవీ6 అని మార్చండి. సేవ్ చేసి ఫోన్ ఆపి మళ్లీ వేయండి. ఆ గడి మార్చనివ్వకపోతే కొత్త ఏపీఎన్ రాసుకోవచ్చు. ఇలాంటి ఇబ్బందే ఐఫోన్‌లో వస్తే, మొబైల్ డేటా నెట్‌వర్క్ పేజీలో పర్సనల్ హాట్‌స్పాట్ కింద ఏపీఎన్ గడి ఖాళీగా ఉందేమో చూసి, పైన ఉన్న పేరే అక్కడ రాస్తే చాలాసార్లు పని అయిపోతుంది.

దీనికీ లొంగకపోతే పీడీఏనెట్ లాంటి యాప్ వాడండి. ఇందులో ఫోన్‌లోని హాట్‌స్పాట్ బటన్‌తో పనే లేదు. కేబుల్ పెట్టి, ఫోన్లో యాప్, లాప్‌టాప్‌లో దాని జత సాఫ్ట్‌వేర్ వేస్తే, లాప్‌టాప్ అడిగినదాన్ని ఫోనే తెచ్చి ఇస్తుంది. మీ విషయంలో ఇందులో ఏ తప్పూ లేదు. మీ కంపెనీకి అభ్యంతరం లేదు, అడ్డుకుంటున్నది మీకు ఏ సంబంధమూ లేని కంపెనీ రాయించిన సాఫ్ట్‌వేర్. ఇలాంటి యాప్‌లను గూగుల్ ప్లేలో తన కస్టమర్లకు దొరక్కుండా చేయించారన్న ఆరోపణ మీద వెరిజాన్ సంస్థ 2012లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి 12.5 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. రోజుకు 2 జీబీ అని డబ్బు తీసుకున్నాక అది ఫోన్లో వాడారా లాప్‌టాప్‌లో వాడారా అని అడగడం, బియ్యం అమ్మిన కొట్టతను అన్నం వండారా అట్లు పోశారా అని వాకబు చేసినట్టే.

ఒక్క జాగ్రత్త. విండోస్‌లో ఆ కనెక్షన్‌కి ‘మీటర్డ్’ (డేటాకి లెక్క ఉంది, పొదుపుగా వాడు) అని పెట్టుకోండి. లేకపోతే అప్‌డేట్లే మీ 2 జీబీ మింగేస్తాయి, ఇక అర్ధరాత్రి దాకా 64 కేబీపీఎస్ స్పీడుతో ఏ పనీ జరగదు.

ప్రశ్న: ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నామండి. గట్టు మీద షెడ్డులో పాత ఫోన్ పెట్టి, అన్‌లిమిటెడ్ 5జీ ఆఫర్ ఉన్న సిమ్ వేసి, దాని హాట్‌స్పాట్‌తో రెండు కెమెరాలు నడుపుతున్నాం. రాత్రి ఏరేటర్లు (నీటికి ఆక్సిజన్ అందించే యంత్రాలు) ఆగితే చూసుకోవడానికి. ఈమధ్య కంపెనీ నుంచి, మీ వాడకం ప్లాన్ షరతులకు లోబడి లేదని మెసేజ్ వచ్చింది. హాట్‌స్పాట్ అని తెలియకుండా దాచే యాప్ ఉందని మా అబ్బాయి అంటున్నాడు. వేసుకోమంటారా?

జవాబు: వద్దండి. పైన ఆ అమ్మాయికి వాడమన్న యాప్‌నే మీకు వద్దంటున్నాను, కారణం చెబుతాను.

వాళ్లకు ఎలా తెలుస్తుందో ముందు చూడండి. నెట్‌లో డేటా ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వెళ్తుంది, ప్రతి ప్యాకెట్ మీద టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది. ఆండ్రాయిడ్, ఐఫోన్, చాలా కెమెరాలు దాన్ని 64తో మొదలుపెడతాయి, విండోస్ 128తో. దారిలో ఒక్కో రూటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. హాట్‌స్పాట్ పెడితే మీ ఫోనే ఒక రూటర్, కాబట్టి ఫోన్ సొంత డేటా టవర్‌కి 64తో చేరితే, కెమెరాది 63తో, లాప్‌టాప్‌ది 127తో చేరుతుంది. చూసేవాడికి అంతకన్నా ఆధారం అక్కర్లేదు. వీపీఎన్ (డేటా లోపల ఏముందో కనబడకుండా మూసి పంపే ఏర్పాటు) వేస్తే సరిపోతుందంటారు, సరిపోదు. ఆండ్రాయిడ్‌లో ఫోన్ వీపీఎన్ మామూలుగా హాట్‌స్పాట్ డేటాకి వర్తించదు, లాప్‌టాప్‌లో వేసినా ఆ 127 అలాగే కనబడుతుంది. లాప్‌టాప్ టీటీఎల్‌ని 65 చేసేవాళ్లున్నారు, ఫోన్ దగ్గర ఒకటి తగ్గి 64 అవుతుందని. పీడీఏనెట్ లాంటివాటిలో ప్యాకెట్ ఫోన్ నుంచే బయలుదేరుతుంది కనుక 64గానే వెళ్తుంది. సరే, ఆ అంకె దాచారు. వాడకం ఎలా దాస్తారు? ఒక కెమెరా 1 ఎంబీపీఎస్ చొప్పున ఆగకుండా పంపితే రోజుకు 10.8 జీబీ. రెండు కెమెరాలంటే 21 జీబీ దాటుతుంది. పగలూ రాత్రీ ఒకే తీరున అంత డేటా పంపే మనిషి ఉండడు కదండీ.

అదీగాక ఇది కొలిచి అమ్మిన డేటా కాదు. హ్యాండ్‌సెట్‌లో వాడుకోవడానికి ఇచ్చిన ఆఫర్, టవర్ సామర్థ్యం ఊరందరిదీ. నాకు అసలు భయం ఇంకొకటి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకే సిమ్ ఆపేశారనుకోండి, ఏరేటర్ ఆగిన సంగతి మీకు చెప్పేదెవరు? పంట మీద పెట్టిన లక్షలు షరతులు తప్పిన సిమ్ మీద ఆధారపెట్టొద్దు. షెడ్డులో రేకుల కింద, రోజంతా ఛార్జర్‌కి తగిలించి ఉన్న ఫోన్ బ్యాటరీ ఉబ్బిపోవడం కూడా జరిగేదే, ఇవాళే ఒకసారి వెనక మూత చూడండి.

కరెంటు పోయిన సంగతి తెలియడానికి కెమెరా అక్కర్లేదు. కరెంటు పోగానే ఫోన్‌కి కాల్ చేసే సిమ్ అలారంలు దొరుకుతాయి, డేటాతో పనిలేదు. ముందు అది పెట్టండి. కెమెరాలో మెమరీ కార్డు వేసి, కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా, మీరు తెరిచినప్పుడే వీడియో పంపేలా మారిస్తే మామూలు డేటా ప్లాన్‌తో సిమ్ రూటర్ సరిపోతుంది. మీ ఊళ్లో ఫైబర్ ఉందేమో కూడా కనుక్కోండి. కోనసీమలో మోరి గ్రామానికి 2016 డిసెంబరులోనే ఏపీ ఫైబర్‌నెట్ వచ్చింది. ఇంటికి ఫైబర్ ఉండి, ఇంటి డాబా నుంచి చెరువు దాకా మధ్యలో కొబ్బరి తోట అడ్డం లేకపోతే, రెండు చివర్లా వైర్‌లెస్ బ్రిడ్జి, అంటే ఇంటి నెట్‌ని గాలిలో చెరువు దాకా అందించే పరికరాల జత, పెట్టుకోవచ్చు. నెలనెలా ఇంకో సిమ్ ఖర్చు ఉండదు.

ప్రశ్న: పాలకొల్లులో జిరాక్స్ షాపు ఉంది. కస్టమర్లకి నా హాట్‌స్పాట్ ఇచ్చి గంటకింత తీసుకోవచ్చా?

జవాబు: మీ సిమ్ డేటాని అమ్మకూడదండి. పైగా అపరిచితుడు మీ నెట్‌తో ఏదైనా మోసం చేస్తే పోలీసులు మొదట మీ గుమ్మానికే వస్తారు. దీనికి సరైన దారి పీఎం-వాణి. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన ఈ పథకం కింద చిన్న కొట్టు కూడా పబ్లిక్ డేటా ఆఫీసుగా మారి వైఫై అమ్ముకోవచ్చు. లైసెన్సు అవసరం లేదు.

ప్రశ్న: రావులపాలెం నుంచి రాస్తున్నాను. నాది రోజుకు 2 జీబీ ప్లాన్. రీఛార్జి చేసినప్పుడు హాట్‌స్పాట్ లేదని ఎక్కడా రాసి లేదు. ఇప్పుడు రావట్లేదు, ఏ ఫోన్లో వేసినా అంతే. షాపులో అడిగితే అంతేనండీ అంటున్నారు.

జవాబు: అన్ని ఫోన్లలోనూ రాలేదంటే అడ్డం నెట్‌వర్క్ దగ్గరే ఉంది, మీరు వదలకండి. షాపు మాట ఫిర్యాదు కింద లెక్కకు రాదు. అదే సిమ్ నుంచి 198కి చేసి, ప్లాన్ పేరు చెప్పి, హాట్‌స్పాట్ లేదని ఏ షరతులో ఉందో చూపించమని అడగండి. ఫోన్ పెట్టేలోపు డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తప్పకుండా తీసుకోండి. ప్లాన్ వివరాల పేజీని, ఫోన్లో వచ్చిన మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు పెట్టుకోవచ్చు, రుసుమేమీ లేదు. ఈలోగా పని ఆగుతుందనుకుంటే నంబర్ మార్చకుండానే ఇంకో కంపెనీకి పోర్ట్ అయిపోవచ్చు. అయితే ఆ కంపెనీ సిమ్ ఇంట్లోవాళ్లదో పక్కింటివాళ్లదో ఒకటి అడిగి తీసుకుని, మీ ఫోన్లో వేసి, మీ ఇంట్లో కూర్చునే చోట హాట్‌స్పాట్ పెట్టి చూశాకే పోర్ట్ మెసేజ్ పంపండి.