నాలుగు కోర్లపై ఆరు రెట్ల వేగం వచ్చిందంటే

చిరంజీవికి ఆశీస్సులు.

హాస్కెల్ భాషలో నీవు రాసిన సమాంతర ప్రోగ్రాం, పనిని ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లకు పంచి, పాత ప్రోగ్రాంకంటే ఆరు రెట్లు వేగంగా నడిచిందని సంబరంగా రాశావు. కోర్లు నాలుగే అయినప్పుడు వాటి వల్ల మామూలుగా నాలుగు రెట్లకు మించి రాకూడదు. కనుక ఆ ఆరు రెట్ల అంకెను నలుగురికీ చూపే ముందు, అదే సమాంతర ప్రోగ్రాంను ఒక్క కోరుపై నడిపి, పాత ప్రోగ్రాం తీసుకున్న సమయంతో పోల్చి చూడు. అక్కడ కూడా కొత్తదే ముందుంటే, లాభంలో కొంత భాగం కోర్ల వల్ల వచ్చినది కాదు.

అలాంటప్పుడు నేను మొదట అనుమానించేది పని పరిమాణమే తగ్గిపోవడాన్ని. ఒక్కో అంశాన్ని దాని చోట చొప్పిస్తూ వరుసపరచే ఇన్సర్షన్ సార్ట్‌కు 10,000 అంశాల జాబితా ఇస్తే, అతి చెడ్డ సందర్భంలో దాదాపు 5 కోట్ల పోలికలు అవసరమవుతాయి. దానిని రెండు సగాలుగా విడదీసి, విడివిడిగా వరుసపరచి, చివర మెర్జ్ చేస్తే (ఒకటిగా కలిపితే) దాదాపు 2.5 కోట్లే సరిపోతాయి. రెండు కోర్లు పంచుకుంటే నాలుగు రెట్ల వేగం కనిపిస్తుంది. అందులో సగం ఘనత విభజనది, కనుక ఇలాగే విడదీసి కలిపే, కానీ ఒక్క కోరుపైనే నడిచే మంచి సీక్వెన్షియల్ మెర్జ్ సార్ట్‌తో పోల్చితేనే న్యాయం.

రెండవ అనుమానం లేజీ ఎవాల్యుయేషన్ మీద, అంటే అవసరం పడేదాకా లెక్కను వాయిదా వేసే హాస్కెల్ పద్ధతి మీద. సమాంతరం కోసం నీవు చేర్చిన ఆర్‌డీప్‌సెక్ (rdeepseq) అనే ఆదేశం ప్రతి ముక్క ఫలితాన్నీ అప్పటికప్పుడు పూర్తిగా లెక్కింపజేస్తుంది. పాత ప్రోగ్రాంలో అవే లెక్కలు థంకులుగా, అంటే వాయిదా పడిన లెక్కలుగా, మెమరీలో పేరుకొని దాన్ని నెమ్మదింపజేసి ఉండవచ్చు.

ఒక్క కోరు పరీక్షకు దొరకనిది గార్బేజ్ కలెక్షన్ (జీసీ), అంటే పనికిరాని డేటాను తొలగించి మెమరీని ఖాళీ చేసే పని. హాస్కెల్ కంపైలర్ అయిన జీహెచ్‌సీ ప్రతి కోరుకూ విడిగా ఒక నర్సరీ (కొత్త డేటాను మొదట ఉంచే మెమరీ భాగం) ఇస్తుంది, 9.2 వెర్షన్ నుంచి దాని డిఫాల్ట్ పరిమాణం 4 ఎంబీ. అంటే నాలుగు కోర్లకు మొత్తం 16 ఎంబీ ఉంటుంది కనుక, పని సమంగా పంచబడితే కలెక్షన్లు అరుదవుతాయి, ఆలోగా ఎక్కువ డేటా పనికిరానిదైపోయి, మిగిలినదాన్ని కాపీ చేసే శ్రమా తగ్గుతుంది. (కొత్తవారు దీనినే కోర్ల మహిమ అనుకోవడం తరచూ చూస్తుంటాను.) అందుచేత ఒక్క కోరుపై నడిపేటప్పుడు మైనస్ ఏ (-A) ఆప్షన్‌తో నర్సరీని 16 ఎంబీకి పెంచి మరొకసారి కొలువు.

నీది వెతుకులాట ప్రోగ్రాం అయితే మాత్రం, జవాబు మరో కోరు వెతికిన రెండవ సగం మొదట్లోనే ఉండి త్వరగా దొరికి ఉండవచ్చు. ఇన్‌పుట్‌లు మార్చి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది.

తదుపరి ఉత్తరంలో రెట్లు మాత్రమే కాక, మైనస్ ఎస్ (-s) ఆప్షన్ చూపే జీసీ సమయాన్ని కూడా పంపు.

ఇట్లు,
మీ బాబాయి