మందుల డబ్బా పక్కన పెట్టొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, రెండేళ్ల క్రితం మా తమ్ముడికి అమ్మ కిడ్నీ ఇచ్చింది. పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి అలారం మోగగానే, కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఆపే టాక్రోలిమస్ మాత్ర వేసుకుంటాడు. జంతువుల్లో జన్యువు ఎక్కించి అవయవ తిరస్కరణను ఆపుతున్నారని ఎక్కడో చదివాడు. ఇక ఈ మాత్రలెందుకు అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక అక్క, ఖమ్మం

జవాబు: ముందు మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దని చెప్పండమ్మా. నా పేషెంట్లలో ఒకబ్బాయి బాగానే ఉన్నానని మానేసి, కాళ్లవాపుతో వచ్చాడు. ఆ కిడ్నీ మాకు దక్కలేదు. ఇచ్చింది వాళ్లమ్మే.

తమ్ముడు చదివింది అబద్ధం కాదు. టొరంటోలో పంది ఊపిరితిత్తులను బయటికి తీసి, యంత్రం మీద శరీరపు వేడిలోనే ఉంచి, జలుబు తెచ్చే ఎడినోవైరస్‌ను పెరగకుండా చేసి, దాంతో ఐఎల్-10 జన్యువును శ్వాసనాళంలోంచి పంపారు. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ అవయవంలో రేగే మంటను (వాపును) చల్లారుస్తుంది. అమర్చాక ఊపిరితిత్తులు మెరుగ్గా పనిచేశాయి. నాకు నచ్చిందేమిటంటే, మందు ఒళ్లంతా తిరగదు, అవయవంలోనే పుడుతుంది. కానీ ఆ ప్రభావం కొద్దిరోజులే. మీవాడికి కావలసింది ఏళ్ల తరబడి రక్షణ.

ఎలుకల్లో సీటీఎల్‌ఏ4-ఐజీ అనే, తిరస్కరణకు దిగే రక్షణ కణాలను అణచే ప్రొటీన్ జన్యువునూ ఇలాగే ఎక్కించి చూశారు. ఆ ప్రొటీన్‌నే కాస్త మార్చి చేసిన బెలటాసెప్ట్ ఇంజెక్షన్‌కు 2011లో అమెరికాలో కిడ్నీ మార్పిడి వాళ్ల కోసం అనుమతి వచ్చింది.

అన్నట్టు, పంపర పనస తిననివ్వకండి, రక్తంలో టాక్రోలిమస్ పెరిగిపోవచ్చు. రక్తంలో మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్ష రోజు మాత్రం రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర వేసుకోవాలి.