సెయిలింగ్ అస్సలు రాదు, వారాంతపు తెరచాప పడవ ప్రయాణంలో గెస్ట్ క్రూగా చేరవచ్చా?

చేరవచ్చు, గెస్ట్ క్రూ అంటే పడవ పనిలో తానూ చేయి వేసే అతిథి. మీరు రాసినదాన్ని బట్టి మీ సందేహాలు మూడు. సెయిలింగ్ తెలియదు, ఈత కూడా సరిగా రాదు. పడవ ఊగితే వాంతులవుతాయేమోనని టెన్షన్. శుక్రవారం సాయంత్రం ఎక్కి ఆదివారం దిగే ఈ ప్రయాణంలో అతిథులతో నిజంగా పని చేయిస్తారా, లేక ఓ మూల కూర్చోబెడతారా అన్న అనుమానం. ఇలాంటి ప్రయాణాలంటే నాకు ప్రాణం, వీలు దొరికినప్పుడల్లా వెళ్తుంటాను. నాకు తెలిసినది చెప్తాను.

ముందు మూడోది. ఇది పడవను బట్టి ఉంటుంది, కాబట్టి డబ్బు కట్టే ముందే నిర్వాహకులను సూటిగా అడగండి: రాత్రి వాచ్‌లో (వంతులవారీగా మేలుకుని పడవ చూసుకునే పని) నన్ను వేస్తారా? చుక్కాని నా చేతికి ఇస్తారా? రెండింటికీ అవునంటే అదే మీకు కావలసిన పడవ. రెండు రాత్రులూ రేవులోనే కట్టేసి ఉంచే ప్రయాణాలూ ఉన్నాయి. అవి హాయిగానే ఉంటాయి గానీ, మీరు కోరుకుంటున్నది అది కాదనిపిస్తోంది.

అనుభవం లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. చెప్పింది చెప్పినప్పుడు చేయడం, అర్థం కాకపోతే వెంటనే "అర్థం కాలేదు" అనడం వస్తే చాలు. రెండోదే ముఖ్యం. తల ఊపేసి ఏదో ఒక తాడు వదిలేసేవాళ్లతోనే ప్రమాదం.

మీ చేతికి మొదట వచ్చే పని బహుశా వించ్. నిలబెట్టిన లోహపు డ్రమ్ అది. తెరచాప తాడును దానికి గడియారం ముల్లు తిరిగే వైపు రెండు మూడు చుట్లు వేసి, చేత్తో వచ్చినంత లాగి, బరువు తెలిశాక ఇంకో చుట్టు వేసి హ్యాండిల్‌తో తిప్పాలి. బిగించడం కష్టమేం కాదు, జాగ్రత్తంతా వదలడంలోనే ఉంది. అరచేతిని చుట్ల మీద ఆనించి అంగుళం అంగుళంగా జారనివ్వాలి. వేళ్లు తాడుకీ డ్రమ్‌కీ మధ్యకు వెళ్లకూడదు. గాలి ఒక్కసారిగా పెరిగితే ఆ తాడు మీద పడే బరువు మనిషి చేత్తో ఆపగలిగేది కాదు. ఉంగరాలు ముందే తీసి లోపల పెట్టుకోండి.

చుక్కాని దగ్గర ఓపిక కావాలి. చక్రం తిప్పగానే పడవ తిరగదు, ఒకటి రెండు క్షణాలు ఆలోచించుకున్నట్టు ఆగి అప్పుడు కదులుతుంది. ఆ ఆలస్యం తట్టుకోలేక కొత్తవాళ్లు ఇంకాస్త తిప్పుతారు. దాంతో పడవ కావలసినదానికన్నా ఎక్కువ తిరిగిపోతుంది, సరిదిద్దబోతే ఇటు మళ్లిపోతుంది. వెనక నీటి మీద చార వంకర్లు తిరుగుతుంటే జరుగుతున్నది ఇదే. కొద్దిగా తిప్పి, పడవ ముక్కు కదలడం మొదలవగానే చక్రాన్ని మధ్యకు తెచ్చేయండి. రాత్రిపూట కంపాస్‌కే కళ్లప్పగించకుండా, వెళ్లే దిక్కులో ఒక నక్షత్రాన్ని గుర్తు పెట్టుకుని దాని వైపు నడపండి. కంపాస్‌ను మధ్యమధ్యలో సరిచూసుకుంటే చాలు. నక్షత్రాలూ జరుగుతుంటాయి కాబట్టి కాసేపటికోసారి గుర్తు మార్చుకోవాలి. చక్రం బదులు కర్ర ఉన్న పడవైతే, కర్రను ఎడమకు తోస్తే పడవ కుడికి తిరుగుతుందని గుర్తుంచుకోండి.

ఇక వాంతులు. లోపలి చెవి శరీరం ఊగుతోందని చెప్తుంటే, కళ్లు ఎదురుగా ఉన్న గోడ కదలడం లేదని చెప్తాయి. ఈ తేడా వల్లే కడుపులో తిప్పుతుంది. అందుకే కింద క్యాబిన్‌లో ఫోన్ చూస్తూ కూర్చుంటే వెంటనే పట్టుకుంటుంది, డెక్ మీద నిలబడి దిగంతాన్ని చూస్తే తగ్గుతుంది. చుక్కాని పట్టుకున్నవాళ్లకు ఇంకా తక్కువ, ఎందుకంటే పడవ ఎటు ఒరగబోతోందో వాళ్లకు ముందే తెలుస్తుంది. కాబట్టి తేడాగా అనిపించగానే, పడవకు పెద్ద అయిన స్కిప్పర్‌కి చెప్పి చుక్కాని అడగండి. మాత్ర వేసుకోవాలనుకుంటే మీ డాక్టర్‌ని ముందే అడిగి, బయలుదేరక ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. కొన్ని మాత్రలకు మగతగా ఉంటుంది, అది కూడా కనుక్కోండి. ఖాళీ కడుపు, చలి, నిద్రలేమి మూడూ దీన్ని పెంచుతాయి. వాంతి వస్తే గాలి వచ్చే వైపు కాకుండా రెండో వైపుకి, హార్నెస్ (మనిషిని పడవకు కట్టి ఉంచే పట్టీ) తగిలించుకునే వెళ్లండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. జీవితమంతా సముద్రం మీదే గడిపిన బ్రిటిష్ నౌకాదళ అడ్మిరల్ నెల్సన్‌కు కూడా గాలి ముదిరినప్పుడల్లా ఇదే బాధ.

రాత్రి వాచ్ మాత్రం వదులుకోకండి. నాలుగు గంటలు పని, నాలుగు గంటలు విశ్రాంతి అన్నది పాత పద్ధతి, చిన్న పడవల్లో రాత్రిపూట మూడేసి గంటలు పెట్టడం మామూలే. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, ఒక్క ఫోన్ వెలుగుతో అదంతా పోతుంది. అందుకే ఎర్ర వెలుగు హెడ్‌ల్యాంప్ తెచ్చుకోండి. దూరంగా ఓడ కనిపిస్తే దాని దీపాలు చూడండి: ఆ ఓడకు ఎడమ పక్కన ఎరుపు, కుడి పక్కన ఆకుపచ్చ, వెనక తెలుపు. ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకేసారి కనిపిస్తే అది నేరుగా మీ వైపే వస్తోందన్నమాట, వెంటనే చెప్పేయాలి. "స్కిప్పర్ చూసే ఉంటాడులే" అని ఊరుకోవద్దు. కొన్ని రాత్రులు పడవ చీల్చిన నీరు నీలంగా మిణుకుమంటుంది, కంటికి ఆనని జీవులు కదిలినప్పుడు వెలిగే వెలుగు అది. దాన్ని చూస్తూ వాచ్ మారే వేళ దాటినా లోపలికి వెళ్లని వాళ్లను చూశాను, నేనూ అలాగే ఉండిపోయాను.

ఈత సరిగా రాదన్నారు. ఈ విషయం నిర్వాహకులకు దాచకుండా చెప్పండి, ఒక్కో చోట ఒక్కో నిబంధన ఉంటుంది. ఈత వచ్చినా రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకోవాలి, రాత్రీ గాలి ఉన్నప్పుడూ హార్నెస్ తగిలించుకోవాలి. ఎవరైనా నీళ్లలో పడితే గట్టిగా అరవాలి, తేలేది ఏదైనా విసరాలి. ఒకరు మాత్రం వేరే ఏ పనీ పెట్టుకోకుండా, వేలు అటే చూపిస్తూ, పడినవాళ్ల మీద నుంచి చూపు తిప్పకూడదు. అలల్లో మనిషి తల ఎంత త్వరగా కనుమరుగవుతుందో ఒడ్డున ఉన్నవాళ్లకు ఊహకందదు. ఇంకో సంగతి, తెరచాప కింద అడ్డంగా ఉండే బూమ్ అనే దూలం, పడవ మలుపు తిరిగేటప్పుడు ఈ పక్క నుంచి ఆ పక్కకు దూసుకొస్తుంది. పిలుపు వినగానే తల వంచండి.

సామానుకి మెత్తటి బ్యాగే తెచ్చుకోండి, చక్రాల సూట్‌కేస్ పెట్టడానికి చోటుండదు. డెక్ మీద మరకలు పడని సోల్ ఉన్న బూట్లు కావాలి. ఎండాకాలమైనా రాత్రి గాలికి ఒక వెచ్చటి కోటు ఉండాల్సిందే. వెన్నునొప్పి, వాడే మందుల సంగతి ఎక్కేముందే స్కిప్పర్‌కి చెప్పండి. గాలి ఎదురు తిరిగితే తిరిగి రావడం ఆలస్యం కావచ్చు, సోమవారం ఉదయం తప్పనిసరి పనేదీ పెట్టుకోకండి.