చలికోటు సంగతి సరే, నీ సంగతి ఎవరికి తెలుసు తమ్ముడూ?

కందుకూరు నుంచి అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో ఒక చిన్న ఊరికి, ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగానికి వస్తున్నానని రాశావు. చలికి ఏమేం కొనుక్కోవాలని అడిగావు. కోటు, బూట్లు ఇక్కడికొచ్చాకే కొను. చెన్నైలో కొన్నవి ఈ చలికి ఆగవు. లైసెన్సు, వీసా వివరాలు ప్రభుత్వ సైట్లలో ఉంటాయి, చూసుకో. నాకు భయం వేసేది నువ్వు అడగని విషయం గురించి.

నేను 2008లో ఒంటరిగా వచ్చాను. మాది కావలి దగ్గర పల్లెటూరు. 1989 నవంబరులో తుపాను కావలి దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి పూరిళ్ళవాళ్ళంతా మా పెదనాన్న మిద్దెలోకి చేరారు. పిల్లలం బియ్యం బస్తాల మీద పడుకున్నాం. ఎవరింట్లో ఎవరు రాలేదో పెద్దవాళ్ళు పేరుపేరునా లెక్క చూసుకున్నారు. అలాంటి గాలివాన చూసినవాణ్ణి, మంచు నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. అదే నా మొదటి తప్పు.

రెండో తప్పు కారు దగ్గర. పాత కారు కొంటే ముందువైపు చిన్న ప్లగ్గు వైరు వేలాడుతోంది. తెగిపోయిన వైరనుకుని లోపలికి దోపేశాను. జనవరిలో మైనస్ 30 డిగ్రీలు వచ్చిన రోజు బండి కదల్లేదు. రాత్రిళ్ళు ఇంజను వెచ్చగా ఉండేలా ఆ ప్లగ్గుని కరెంటుకి పెట్టాలని అప్పుడు తెలిసింది. పక్కింటాయన్ని ముందే ఒక్క మాట అడిగితే చెప్పేవాడు. నాలుగు నెలలైనా ఆయన పేరు కూడా తెలుసుకోలేదు నేను.

ఇక ఫిబ్రవరి. కరివేపాకు కోసం 90 మైళ్ళ దూరంలో ఉన్న ఫార్గో నగరానికి బయల్దేరాను. ఆకాశం నీలంగా ఉంది. ఇక్కడ మంచు తుపానుకి పైనుంచి మంచు పడాల్సిన పని లేదు. నేల మీదున్న పొడి మంచుని గాలి లేపితే చాలు, బండి బానెట్టు కూడా కనపడదు. గంటకి 35 మైళ్ళ గాలి, పావు మైలు దూరం కూడా కనపడని పరిస్థితి 3 గంటలుంటే దాన్ని బ్లిజార్డ్ అంటారు. ఆ రోజు అంతకన్నా ఎక్కువసేపే ఉంది. బండి పక్క గుంటలోకి జారింది. హీటరు కోసం ఇంజను ఆపకుండా కూర్చున్నాను.

చివరికి ట్రాక్టరు మీద ఒక రైతు వచ్చాడు. నన్ను పలకరించకుండా తిన్నగా బండి వెనక్కి పోయి, పొగ గొట్టం చుట్టూ పేరుకున్న మంచుని కాలితో తన్ని తీశాడు. అది మూసుకుపోతే పొగ లోపలికొస్తుంది. అందులోని విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. తర్వాత తలుపు తీసి ఒకటే అడిగాడు, "నువ్వు బయల్దేరినట్టు ఎవరికి తెలుసు?" ఎవరికీ తెలీదు. రెండు రాత్రులు వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఫోనుంది కదా అనుకోకు. ఇక్కడ చలికాలం సాయంత్రం 7 అయితే మనూళ్ళో తెల్లారి 6:30. అమ్మ తిన్నావా అంటే తిన్నానంటావు. నువ్వు మూడు రోజులుగా మనిషి మొహం చూడలేదని ఆమెకెలా తెలుస్తుంది? డిసెంబరులో సాయంత్రం 5 కాకముందే చీకటి పడుతుంది. అప్పుడు తలుపేసుకుంటే ఇక తీయబుద్ధి కాదు. రెండేళ్ళలో మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయిన మనవాళ్ళని చూశాను. వాళ్ళు చలికి వెళ్ళలేదు, ఒంటరితనానికి వెళ్ళారు. నేను నిలబడ్డానంటే మనుషుల్ని వెతుక్కున్నాను కాబట్టే.

కుళాయి సన్నగా కారేలా వదిలితే పైపులు గడ్డకట్టవు, కొవ్వొత్తులు ఉంచుకో, ఇవన్నీ నేర్చుకుంటావులే. ముందు హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆటకి వెళ్ళు. ఆట తెలియకపోయినా ఫరవాలేదు. చలికాలంలో ఊరంతా ఆ జిమ్ములోనే ఉంటుంది. చర్చిలో అందరూ తలొక వంటకం తెచ్చుకునే భోజనాలు ఉంటాయి, పులిహోర పట్టుకెళ్ళు. పక్కింటివాళ్ళకి నీ నంబరివ్వు, వాళ్ళది తీసుకో.

మరదలు జనవరిలో వస్తుందన్నావు. నువ్వు డ్యూటీకి పోతే ఆ ఇంట్లో తనొక్కతే. దిగిన వారంలోనే పక్కింటి తలుపు తట్టించు. సంక్రాంతికి ఇద్దరూ మా ఇంటికి రండి, చేపల పులుసు పెడతాను. రోడ్లు తెరిచి ఉంటేనే సుమా. ఇంట్లోంచి కదిలేముందు నాకు ఫోన్ చెయ్యి, ఏ దారిన వస్తున్నారో చెప్పు.