పేరు పెట్టి పిలవడం మానేశాడు

“మాది నర్సంపేట దగ్గర పల్లె. నాకు 24 ఏండ్లు. మేనత్త కొడుకునే చేసుకున్నా. పాపకు రెండేండ్ల మూడు నెలలు. పిలిస్తే పలకదు, అమ్మా అనదు. మొన్న వరంగల్‌లో బెరా పరీక్ష చేసి, రెండు చెవులకూ 90 డెసిబెల్స్ లోపం ఉందన్నారు. ముందు చెవి మిషన్లు పెట్టి చూద్దాం, ఆపరేషన్ సంగతి తర్వాత అన్నారు. మా అత్త నమ్మదు. తలుపు గట్టిగా వేస్తే తిరిగి చూస్తదంటది. వస కొమ్ము అరగదీసి నాకిస్తది, మేడారంలో ఎత్తు బంగారం మొక్కింది. లోపం నీ వైపు నుంచే వచ్చిందని కూడా అంటది. నేను మిరపకాయ ఏర పోతే పాప ఆమె దగ్గరే ఉంటది. ఈ మధ్య ఏడుపు, కొరకడం ఎక్కువైంది. నేను చేతులతో చెప్పబోతే ‘అట్ల చేస్తే మూగదే అయితది’ అని ఆపుతున్నారు. ఐదేండ్లు రాంగనే హాస్టల్ బడిలో వేస్తే వాళ్లే చూసుకుంటరని బంధువుల మాట. రెండో బిడ్డను కనమని ఒకటే పోరు. మా ఆయన వరికోత మిషన్ నడుపుతడు. ఇంటికొస్తే ఏం మాట్లాడడు. పాపను పేరు పెట్టి పిలవడం కూడా మానేసిండు. టెన్షన్‌తో నిద్ర పడ్తలేదు. ఏం చేయాలె?”
— పేరు వద్దన్న ఒక తల్లి

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ చివరికి వచ్చేసరికి ఆగిపోయాను, మీ ఆయన పాపను పేరు పెట్టి పిలవడం మానేశాడన్న చోట. ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు మిమ్మల్ని నిద్రపోనివ్వని మాట ఒకటి తీసి పక్కన పెట్టాలి.

లోపం నీ వైపు నుంచి వచ్చిందంటోంది మీ అత్త. ఆమె మీ నాన్నకు తోడబుట్టిన మనిషే కదా! మీ వైపు అంటే ఆమె పుట్టిల్లే. (ఈ మాట ఆమె ముఖం మీద అనకండి. మీలో మీరు నవ్వుకోండి, చాలు.) మనకు ప్రతి జన్యువూ జతగా వస్తుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. వినికిడికి సంబంధించిన జతలో ఒకటి చెడినా రెండోది బాగుంటే ఆ మనిషికి చక్కగా వినిపిస్తుంది, తనలో లోపం ఉన్నట్టే తెలియదు. ఒకే తాత నుంచి దిగివచ్చిన ఇద్దరిలో అదే చెడ్డ జన్యువు ఉండే అవకాశం బయటి సంబంధాల కంటే ఎక్కువ. అవి రెండూ బిడ్డలో కలిస్తే పుట్టు చెవుడు వస్తుంది. అలా వచ్చిందే అయితే సగం మీది, సగం మీ ఆయనది. అసలు మీ పాప విషయంలో కారణం అదేనని ఇంకా ఎవరూ తేల్చలేదు. పుట్టగానే కామెర్లు బాగా ముదిరినా, నెలలు నిండక ముందే పుట్టినా, కడుపుతో ఉన్నప్పుడు తల్లికి రుబెల్లా సోకినా చెవులు దెబ్బతినొచ్చు. ఇందులో మీరు చేసిన తప్పంటూ ఏదీ లేదు.

తలుపు సంగతి. డెసిబెల్ అంటే చప్పుడుకు కొలత. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. మీ ఆయన నడిపే కోత మిషన్ పక్కన నిలబడితే 90 దగ్గర. పాపకు వినికిడి మొదలయ్యేదే అక్కడ. తలుపు ధడేల్మంటే నేల అదురుతుంది, గాలి తగులుతుంది, పాప తిరుగుతుంది. మీ అత్త చూసింది నిజమే, అది చెవితో పట్టుకున్నది కాకపోవచ్చు, అంతే. (మీ ఆయనను కూడా మిషన్ మీద ఉన్నప్పుడు చెవులకు ఏదైనా పెట్టుకోమనండి. ఆ మోతకు పెద్దవాళ్ల చెవులూ పోతాయి.) వస మాటకొస్తే, పాప నాలుకలో లోపం ఉందని ఎవరూ అనలేదు. మాట చెవిలో పడక నోటికి రావడం లేదు. నాకించడం ఆపేయండి, వాంతులు కాగలవు. చెవిలో నూనె మాత్రం ఎవరు చెప్పినా పోయనివ్వకండి. మేడారం మొక్కు తీర్చుకోండి, దానికి నేనెందుకు అడ్డం? కాకపోతే ఆ జనంలో తప్పిపోతే పిలిచినా పలకని బిడ్డ మీది. మెడలోనో చేతికో ఫోన్ నంబరు కట్టి తీసుకెళ్లండి. జాతర కోసం చెవి మిషన్లు మాత్రం ఒక్క వారం కూడా ఆపకండి.

ఇక అసలు ప్రశ్న, సైగలు. దీని దగ్గర కొంచెంసేపు కూర్చుందాం.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే “ఏం కొరుకుతున్నావు?” అని అడిగాడని మనకో సామెత ఉంది. నవ్వడానికి వాడతాం. ఒకసారి ఆ చెవిటివాడి వైపు నుంచి చూడండి. అతను కళ్లతో చూశాడు, ఏదో జరుగుతోందని గుర్తుపట్టాడు, తెలుసుకుందామని అడిగాడు. అక్కడున్న వాళ్లలో ఒక్కరూ జవాబు చెప్పలేదు, నవ్వారు. మీ పాప రోజంతా అదే అడుగుతోంది. అమ్మ పొద్దున్నే ఎక్కడికి పోయింది? నాయనమ్మ ఎందుకు గదిమింది? అన్నం ఇంకా ఎందుకు పెట్టలేదు? అడగడానికి మాట లేదు, చెప్పేవాళ్లు లేరు. అందుకే కొరుకుతోంది. నా దగ్గరకు ఇలాంటి పిల్లలతో వచ్చే తల్లులు మొదట చెప్పేది మొండితనం గురించి. పది చేతి గుర్తులు ఇంట్లో పనిచేయడం మొదలయ్యాక, ఆ మొండితనంలో చాలా భాగం తగ్గడం నేను చూశాను.

సైగలు చేస్తే మాటలు రావన్న భయం మన పల్లెల్లో పుట్టింది కాదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల బడుల మహాసభ జరిగింది. వచ్చినవాళ్లు దాదాపు అందరూ చెవులు వినిపించేవాళ్లే. బడుల్లో సంజ్ఞా భాష ఉండొద్దని వాళ్లు తీర్మానించారు. ఆ తర్వాత దేశదేశాల్లో పిల్లల చేతులు కట్టేసినంత పని చేశారు. అదే మహాసభ 2010లో వాంకూవర్‌లో కూడి, ఆ తీర్మానాలను తోసిపుచ్చి విచారం తెలిపింది. 130 ఏళ్లు పట్టింది. మీ పాపకు అంత తీరిక లేదు. భాష నాటుకునే వయసు మొదటి మూడు, నాలుగేళ్లు, అందులో రెండేళ్లు అయిపోయాయి. ఏ భాషా లేకుండా ఈ కాలం గడిచిపోతే తర్వాత వచ్చే మిషన్, ఆపరేషన్, బడి అన్నీ కుంటుతూనే నడుస్తాయి. చేతులతోనైనా ఒక భాష కుదిరిన పిల్లకు, ప్రతి వస్తువుకూ పేరుంటుందని తెలిసిన పిల్లకు, నోటి మాట నేర్పడం సులువవుతుందే కానీ కష్టం కాదు. నోటితో చెప్పండి, చేత్తోనూ చూపండి. రెండూ కలిపే చేయండి.

మీరు రోజంతా చేనులో ఉంటారు కాబట్టి ఈ పనిలో సగం మీ అత్తదే. ఆమెను శత్రువుగా చూడకండి, పాపతో ఎక్కువసేపు గడిపేది ఆమే. ఆమెకు పాఠాలు చెప్పక్కర్లేదు, కొన్ని అలవాట్లు చాలు. వెనక నుంచి కేకేయకుండా ముందుకు వచ్చి భుజం తట్టాలి. పాప ముఖంలోకి చూసేదాకా ఆగాలి, అప్పుడే చెప్పాలి. వాకిలికి వీపు పెట్టి కూర్చుంటే వెలుగు వెనక పడి ముఖం నల్లగా కనిపిస్తుంది, కాబట్టి వెలుగు తన ముఖం మీద పడేలా కూర్చోవాలి. నీళ్లు అనే ముందు చెంబు చూపించాలి, గుర్తు చేయాలి, నోటితో అనాలి, తర్వాత ఇవ్వాలి. రాత్రి కరెంటు పోతే పాపకు లోకం మొత్తం ఆరిపోయినట్టే, పక్కన ఛార్జింగ్ లైటు పెట్టుకోండి. మీరు పనికి పోయేటప్పుడు దొంగచాటుగా జారుకోకండి. తలకు చుట్టుకునే తువ్వాలు చూపించి, వెళ్తున్నానని, పొద్దుగూకాక వస్తానని చేత్తో చెప్పి, ఏడ్చినా ఏడవనిచ్చి వెళ్లండి. వారం పది రోజుల్లో తువ్వాలుకు అర్థం తెలుస్తుంది.

గుర్తులు మొదట ఇంట్లో కల్పించుకున్నవైనా పర్వాలేదు. కానీ అక్కడే ఆగితే ఇల్లు దాటాక పాపకు తోడుండరు. మన దేశానికంటూ ఒక సంజ్ఞా భాష ఉంది. 2015లో ఢిల్లీలో దానికోసమే ఒక జాతీయ కేంద్రం పెట్టారు. వాళ్ల నిఘంటువులో 2021 నాటికి 10,000 పదాలయ్యాయి, ఒక్కో పదానికీ వీడియో ఉంటుంది, యూట్యూబ్‌లో ఉచితంగా చూడొచ్చు. రోజుకు రెండు పదాలు చాలు. ఇంకా మంచిది, చెవుడున్న పెద్దవాళ్లను ఒక్కసారి కలవండి. ఓసారి కాజీపేట స్టేషన్‌లో చూశాను, నలుగురు కుర్రాళ్లు ఈ ప్లాట్‌ఫాం మీద, ఇద్దరు అవతలి దాని మీద. మధ్యలో రైలు లేనంతసేపూ చేతులతో కబుర్లు, నవ్వులు. మేమంతా ఫోన్లలో “హలో, హలో, వినపడుతుందా?” అని అరుస్తున్నాం. మీ ఆయనకు ఇలాంటి దృశ్యం ఒకటి చూపించాలి.

చెవి మిషన్ల విషయంలో మీ డాక్టరు చెప్పిన వరుస సరైనదే. మిషన్ కంటే చెవిలో కూర్చునే మోల్డ్ దగ్గర ఎక్కువ తిప్పలుంటాయి. పిల్ల చెవి పెరుగుతుంది, మోల్డ్ వదులై కూత పెడుతుంది. అప్పుడు మిషన్ పాడైందని అటకెక్కించకండి, కొత్త అచ్చు తీయించండి. మొదట్లో పీకి పారేస్తుంది. ఆడుకునేటప్పుడు పది నిమిషాలు, మర్నాడు ఇరవై, అలా మెలకువగా ఉన్నంతసేపూ పెట్టుకునేదాకా తేవాలి. రాత్రి తీసి, చెమ్మ పీల్చే పొట్లం వేసిన డబ్బాలో పెట్టండి. బటన్ బ్యాటరీలు మింగితే ప్రాణం మీదికొస్తుంది, పాత బ్యాటరీ కూడా పాప చేతికి అందనివ్వకండి.

మిషన్లతో చాలినంత వినపడకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ అంటారు, ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం అది. వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్రం ఎడిప్ పథకంలో ఇది చిన్నపిల్లలకు ఉచితం. ఆరోగ్యశ్రీలోనూ ఉంది, రెంటికీ వయసు హద్దులున్నాయి. రేపే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి మీ పాప వయసు చెప్పి అడగండి. ఆలోచిద్దాం అనుకుంటూ ఏడాది జారిపోయి, హద్దు దాటాక వచ్చినవాళ్లున్నారు. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్లు చేస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, పరీక్షలకూ తల్లిదండ్రులకు సలహాకూ ఒకసారి వెళ్లి రావాల్సిన చోటు. అయితే ఇంప్లాంట్ పెట్టిన రోజే బిడ్డ అమ్మా అంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆపరేషన్ గాయం మానాక, కొన్ని వారాలకు స్విచాన్ చేస్తారు. ఆ రోజు పాపకు వినపడేది అర్థం లేని చప్పుడు. చాలామంది పిల్లలు ఏడుస్తారు. వినడంలో పాప వయసు ఆ రోజు నుంచి లెక్క. నెలలు, ఏళ్లు థెరపీ ఉంటుంది. ఆ థెరపీలో ఎక్కువ భాగం మీ ఇంట్లో, మీ వంటగదిలోనే.

హాస్టల్ బడి ఆలోచన ఇప్పుడు పెట్టుకోకండి. ఐదేళ్లకు ఏ భాషా లేకుండా వెళ్తే అక్కడ టీచర్లు మాత్రం ఏం చేస్తారు? మూడేళ్లు నిండేదాకా కూడా ఆగకుండా ఇప్పటి నుంచే అంగన్‌వాడీలో కూర్చోబెట్టండి. టీచరు ముఖం కనిపించేలా పాపను ముందు వరసలో ఉంచమని అడగండి. మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో ఎంఈఓ ఆఫీసులో కనుక్కోండి, అక్కడి రిసోర్స్ టీచర్లు ఇలాంటి పిల్లల కోసమే ఉన్నారు. కొన్ని చోట్ల స్పీచ్ నేర్పేవాళ్లు దొరకరు, ఆ లోటు ఉన్నా పరిచయం ఉండాలి. వైకల్య ధ్రువీకరణ, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు పని కూడా మొదలుపెట్టండి, పింఛను దగ్గర నుంచి బడి దాకా ప్రతి చోటా అడుగుతారు. వచ్చే బతుకమ్మకు పాపను పక్కన కూర్చోబెట్టకండి, వలయంలోకి తీసుకోండి. పాట వినపడకపోయినా చప్పట్లు చూస్తుంది, అడుగు కలుపుతుంది.

రెండో బిడ్డ మాట క్లుప్తంగా. తొందరేమీ లేదు. కారణం పైన చెప్పినట్టు జన్యువే అయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. కనే ముందు హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో జన్యు విభాగం డాక్టర్లతో మాట్లాడండి. పుట్టాక మాత్రం మొదటి నెలలోనే చెవి పరీక్ష చేయించాలి. పాపకు ‘బదులుగా’ ఇంకో బిడ్డ అన్న మాట ఇంట్లో ఎవరన్నా సరే, అక్కడికక్కడే ఆపండి.

ఇక మీ ఆయన. వినదు కదా, పిలిచి ఏం లాభం అనుకున్నట్టున్నాడు. దిగమింగుకోలేని మగవాళ్లు ఇలాగే మూగబోతారు. మందలించకండి. ఒక పని అప్పజెప్పండి. సంజ్ఞా భాష వాడేవాళ్లలో చాలామందికి నోటి పేరుతో పాటు చేతి పేరొకటి ఉంటుంది, ముఖంలోనో అలవాటులోనో ఉన్న ఒక గుర్తును పట్టుకుని పెడతారు. బుగ్గ మీద సొట్ట, నుదుట సుడి, ఏదైనా సరే. ఆ పేరు పెట్టే పని తండ్రికివ్వండి. కోత నుంచి రాగానే వాకిట్లో పాప ముందు గొంతుక్కూర్చొని, తను చూసేదాకా ఆగి, చేత్తో ఆ పేరు, నోటితో అసలు పేరు రెండూ పిలవమనండి. మొదటి పది రోజులు పాప ఊరికే చూస్తుంది. తర్వాత ఒకనాడు తన ఛాతీ మీద చెయ్యి వేసుకుంటుంది.

మోల్డ్ అచ్చు తీయించే రోజున ఇద్దరూ కూలి మానుకొని వెళ్లండి, మీ అత్తనూ తీసుకెళ్లండి. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టకుండా పరీక్ష గదిలోకి రానివ్వమని, చెవి పరీక్ష చేసే ఆడియాలజిస్టును అడగండి. దారిలో బస్సులో ఆ చేతి పేరు ఆమెకు నేర్పించండి. మీరు మిరప చేనులో ఉన్నంతసేపూ దాంతో పిలవాల్సింది ఆమే.