తప్పు డ్రైవర్‌దే అని ఎఫ్‌ఐఆర్ రాసినా పరిహారం అడగొచ్చు

చెల్లెమ్మా, మిగతావన్నీ తర్వాత, ముందు ఒకటి చెప్తాను. ఆ స్టాంపు పేపరు మీద మీ ఆయన చేత సంతకం పెట్టించకండి. ఓనరు ఎంత మంచివాడైనా, ఇంటికొచ్చి ఎంత బతిమాలినా సరే.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ ఆయనకు 40 ఏళ్లు, పన్నెండు చక్రాల లారీ నడుపుతారు. 2025 అక్టోబర్‌లో నాగపూర్ నుంచి లోడుతో వస్తూ, హింగన్‌ఘాట్ దాటాక తెల్లవారుజామున రోడ్డు మీద ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దారు, కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఎఫ్‌ఐఆర్ మీ ఆయన మీదే రాశారు. ఓనరు ఆసుపత్రికి లక్ష కట్టి, "తప్పు నీదే కాబట్టి కేసు నిలబడదు, ఇంకో యాభై వేలు ఇస్తా, ఇక బాకీ ఏమీ లేదని రాసివ్వు" అంటున్నాడు. ఉద్యోగం ఉన్నట్టు కాగితం లేదు. ఇంతేగా?

నేనూ లారీ డ్రైవర్‌నే. 2016లో కావలి దగ్గర ముందు టైరు పేలి, బండి డివైడర్ ఎక్కి, క్యాబిన్ నొక్కుకుపోయి నా కాలు అందులో ఇరుక్కుంది. నా మీద కూడా నిర్లక్ష్యంగా నడిపాడనే కేసు రాశారు. అయినా నాకు పరిహారం వచ్చింది. అందుకే అడక్కుండానే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మనవాళ్లు డబ్ల్యూసీ కేసు అంటారే, అది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద వేసే కేసు. ఆ చట్టం తప్పు ఎవరిదని అడగదు. పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలిందా లేదా అన్నదే చూస్తుంది. నిద్రమత్తులో గుద్దినా పని పనే, రాత్రంతా నడిపించింది ఆ లోడు కోసమేగా. తాగి నడిపినా, భద్రత నిబంధనను కావాలని ఉల్లంఘించినా యజమాని తప్పించుకోవచ్చని ఒక మినహాయింపు ఉంది, కానీ మనిషి చనిపోతేనో పూర్తి శాశ్వత వైకల్యం వస్తేనో అది కూడా పనికిరాదు. ఇక పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు ఎంత రాసిచ్చినా చెల్లదని అదే చట్టంలో 17వ సెక్షన్ చెప్తుంది. మరి సంతకం ఎందుకు వద్దంటున్నానంటే, ఆ కాగితాన్ని పట్టుకుని లారీ ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడంలోనే వాయిదాలు గడిచిపోతాయి. ఆసుపత్రికి ఓనరు కట్టిన లక్ష పరిహారం కిందికి రాదు, అది కూడా చట్టంలోనే ఉంది. మీరు కట్టిన బిల్లులు అన్నీ దాచండి, వైద్యానికి నిజంగా అయిన ఖర్చు విడిగా అడగొచ్చు.

2025 నవంబర్ 21 నుంచి ఈ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది. మీది అక్టోబర్ ప్రమాదం కాబట్టి పాత చట్టం ప్రకారమే నడవాలి. కొత్తదాంట్లో కూడా లెక్క కట్టే పద్ధతి అదే, కంగారు పడాల్సిన పని లేదు.

లెక్క ఎలా ఉంటుందో చెప్తాను. నెల జీతం మీ ఆయనకు పాతిక వేలు వచ్చినా చట్టం 15,000 వరకే చూస్తుంది, 2020 జనవరి నుంచి ఆ పరిమితి ఉంది (నా రోజుల్లో 8,000 మాత్రమే, అందుకే నాకు వచ్చింది తక్కువ). పూర్తి శాశ్వత వైకల్యం అయితే అందులో 60 శాతం, అంటే 9,000. దాన్ని వయసును బట్టి ఉండే అంకెతో గుణిస్తారు, 40 ఏళ్లకు అది 184.17. మొత్తం 16,57,530 రూపాయలు. దీని మీద 12 శాతం వడ్డీ. యాభై వేలకు సంతకం అడుగుతున్న మనిషికి ఈ అంకె తెలియకపోవచ్చు, మీకు మాత్రం తెలిసి ఉండాలి.

అసలు పోరాటమంతా ఆ "పూర్తి" అన్న మాట దగ్గరే. డాక్టరు సర్టిఫికెట్‌లో 60 శాతం అని రాస్తే, ఇన్సూరెన్స్ వాళ్లు 60 శాతానికే కట్టమంటారు, అప్పుడు దాదాపు 10 లక్షల దగ్గర ఆగిపోతుంది. కానీ శరీరంలో ఎంత పోయింది అన్నది వేరు, సంపాదించే శక్తి ఎంత పోయింది అన్నది వేరు. ఎడం చెయ్యి పోయిన ఒక వడ్రంగికి నూటికి నూరు శాతం నష్టమేనని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. 2008లో కె. జనార్దన్ కేసులో మోకాలి వరకు కాలు పోయిన ట్యాంకర్ డ్రైవర్‌కు హైకోర్టు 65 శాతానికి తగ్గిస్తే, సుప్రీంకోర్టు మళ్లీ 100 శాతం చేసింది. మీ లాయరుకు ఈ రెండు కేసులూ చెప్పండి, ఆయనకు తెలిసే ఉంటాయి, అయినా చెప్పండి.

నా కేసులో నిజంగా పనిచేసిన కాగితం ఇంకొకటి ఉంది. హెవీ లైసెన్స్ రెన్యువల్‌కు ఫారం 1ఎ మీద డాక్టరు సంతకం కావాలి కదా. నా మోకాలు వంగడం లేదని, బ్రేక్ పెడల్ మీద బలం పెట్టలేనని డాక్టరు దాని మీద అన్‌ఫిట్ అని రాసిచ్చారు. నాకు ఆ రోజు చాలా ఏడుపొచ్చింది. కానీ విచారణలో ఇన్సూరెన్స్ లాయరు "చిన్న బండి నడుపుకోవచ్చుగా" అన్నప్పుడు మా లాయరు ఆ కాగితం తీసి ముందు పెట్టారు, ఇక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు. మీ ఆయనది కూడా కుడికాలే కాబట్టి అలాంటి సర్టిఫికెట్ ఒకటి తీసుకోండి. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు సాక్ష్యానికి వచ్చి చెప్పాలి, దానికి ఒప్పుకునే డాక్టరునే చూసుకోండి, ప్రభుత్వాసుపత్రి ఎముకల డాక్టరైతే మరీ మంచిది.

ఉద్యోగం ఉన్నట్టు కాగితం లేదని భయపడకండి, లారీ లైన్‌లో ఎవరికి ఉంటుంది అపాయింట్‌మెంట్ ఆర్డరు? ఎఫ్‌ఐఆర్‌లోనే ఆయన్ను ఆ బండి డ్రైవర్ అని రాసి ఉంటారు. ఎల్‌ఆర్ (లోడుకు ఇచ్చే లారీ రసీదు) కాపీ మీద డ్రైవర్ పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. ఓనరు ఫోన్‌పేలో వేసిన బత్తా, డీజిల్ డబ్బులు, "లోడ్ అయిందా", "ఎక్కడున్నావ్" అని పంపిన వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ సాక్ష్యాలే. ఈ రోజే స్క్రీన్‌షాట్లు తీసి ఇంకో ఫోన్‌లో కూడా పెట్టండి, ఫోన్ మారితే పోతాయి. ఇన్సూరెన్స్ ఎవరిదో, తేదీ ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే వస్తుంది. ఎఫ్‌ఐఆర్, పంచనామా మరాఠీలో ఉంటాయి, వాటికి తెలుగు లేదా ఇంగ్లీషు అనువాదం చేయించి పెట్టుకోవాలి.

కేసు కోసం మహారాష్ట్ర తిరగాల్సిన పని లేదు. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు ఉండే జిల్లాకు సంబంధించిన లేబర్ కమిషనర్ ఆఫీసులోనే వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నాకు దానికంటే చాలా ఎక్కువే పట్టింది, ఆ మేరకు ఇల్లు గడిచే ఏర్పాటు చూసుకోండి.

ఓనరు గురించి కూడా చెప్పాలి. చాలామంది ఓనర్లు డబ్బంతా తమ జేబులోంచే కట్టాలనుకుని భయపడి ఇలా ప్రవర్తిస్తారు. లారీ పాలసీ సరిగ్గా ఉండి, మీ ఆయన లైసెన్స్ సరిగ్గా ఉంటే, డ్రైవర్‌కు ఈ చట్టం కింద రావాల్సింది వడ్డీతో సహా ఇన్సూరెన్స్ కంపెనీయే కడుతుంది. ఓనరు చేయాల్సిందల్లా ఇతను నా డ్రైవరే, ఇంత జీతం ఇచ్చేవాణ్ని అని నిజం చెప్పడం. మా ఓనరుకు ఇది అర్థం కావడానికి టైం పట్టింది, అర్థమయ్యాక ఆయనే వచ్చి సాక్ష్యం చెప్పాడు. సరైన కారణం లేకుండా నెలలోపు పరిహారం కట్టకపోతే 50 శాతం వరకు పెనాల్టీ పడొచ్చు, ఆ పెనాల్టీ మాత్రం ఇన్సూరెన్స్ కట్టదు, ఓనరే కట్టుకోవాలి. ఈ రెండు మాటలూ గొడవ లేకుండా, పెద్దమనిషి ఎవరినైనా పక్కన పెట్టుకుని ఆయనకు చెప్పి చూడండి.

ఇంకో దారి కూడా ఉంది, దీని గురించి తొందరగా ఆలోచించాలి. ఆగి ఉన్న లారీ అన్నారు కదా, దానికి పార్కింగ్ లైట్లు, వెనక రిఫ్లెక్టర్లు ఉన్నాయా? లేకపోతే, రోడ్డు మీదే ఆపేసి ఉంటే, తప్పులో ఆ బండికీ వాటా ఉంటుంది, దాని ఇన్సూరెన్స్ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయొచ్చు. అక్కడ 15,000 పరిమితి లేదు, పాతిక వేల జీతం నిరూపించగలిగితే వాటా పోయినా ఎక్కువ రావచ్చు. కానీ అక్కడ తప్పు ఎవరిదో మనమే తేల్చాలి, పూర్తిగా మీ ఆయనదే అని తేలితే చేతికి ఏమీ రాదు. రెండు చోట్లా తీసుకోవడం కుదరదు, మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ ప్రకారం ఏదో ఒకటే. పైగా ట్రిబ్యునల్‌కు ఆరు నెలల గడువు, అంటే మీకు 2026 ఏప్రిల్ వరకే. స్పాట్ ఫోటోలు, క్లీనర్ సాక్ష్యం, పంచనామాలో లైట్ల గురించి ఒక్క వాక్యం, వీటిలో ఏవైనా గట్టిగా ఉంటేనే అటు వెళ్లండి. లేకపోతే నేనైతే లేబర్ ఆఫీసుకే వెళ్తాను, వచ్చేది తక్కువైనా కచ్చితంగా వస్తుంది.

మీ ఆయన బ్యాంకు పాస్‌బుక్‌లో ఏటా 20 రూపాయలు కట్ అయిన ఎంట్రీ ఉందేమో కూడా చూడండి. ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ఒక కాలు పోతే లక్ష వస్తుంది, దానికీ ఈ కేసుకీ సంబంధం లేదు. బ్యాంకులో వెంటనే చెప్పండి.

లాయరు ఫీజుకు డబ్బు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, లేదా 15100కు ఫోన్ చేయండి, వికలాంగులకు ఉచితంగా లాయరును ఇస్తారు. బయట లాయరును పెట్టుకుంటే ఎంత శాతం తీసుకుంటారో ముందే మాట్లాడుకోండి, ఖాళీ వకాలత్, ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టకండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఇంకా చేతికి రాకపోతే మహారాష్ట్ర పోలీసుల సైట్‌లో చూడండి, దొరక్కపోతే ఇక్కడే రాయండి, నాకు తెలిసింది చెప్తాను.